డాక్టర్ సలహా: రాయితీలు ఇచ్చారు సరే, చదవడం ఎవరు నేర్పుతారు?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. కథ చెబితే పొల్లు పోకుండా తిరిగి చెబుతాడు. పుస్తకం ముందు పెడితే మాత్రం ఒక్క పేరాకే చెమటలు పడతాయి. నిరుడు పరీక్షలు చేసి డిస్లెక్సియా అన్నారు. ఆ కాగితం చూపించాక బడివాళ్లు పరీక్షల్లో అదనపు సమయం ఇస్తున్నారు, ప్రశ్నలు చదివి వినిపిస్తున్నారు. ‘ఇంకేం కావాలి? చదవడం దానంతట అదే వస్తుంది’ అంటున్నారు. వాడి తరగతిలోనే డౌన్ సిండ్రోమ్ ఉన్న పాప ఉంది. చదివే పీరియడ్‌లో ఆ పాపకు రంగులు వేసే పని అప్పగిస్తారట. దీనికి మందు ఏదైనా ఉందా? స్కాన్ తీయించాలా? కంటి వ్యాయామాలతో తగ్గుతుందని ఒకరు చెప్పారు, నిజమేనా? బడిని నేను ఇంకేమైనా అడగవచ్చా?
– ఒక తల్లి

జవాబు: మందుల సంగతి ముందు తేల్చేద్దాం. డిస్లెక్సియాకు టానిక్ లేదు, మాత్ర లేదు. జ్ఞాపకశక్తి పెంచుతామంటూ అమ్మే సీసాల మీద డబ్బు తగలేయకండి. నిర్ధారణకు మెదడు స్కాన్ కూడా అక్కర్లేదు. అయితే మాట్లాడుతూ మాట్లాడుతూ కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోవడం, పిలిచినా పలకకపోవడం, తర్వాత ఏమీ జరగనట్టు మామూలైపోవడం ఎప్పుడైనా గమనిస్తే అది ఒక రకం మూర్ఛ కావచ్చు. అప్పుడు ఈఈజీ, అంటే మెదడులోని విద్యుత్ తరంగాల పరీక్ష, తీయించాలి. చూపు, వినికిడి మాత్రం ఒకసారి పరీక్ష చేయించండి. దృష్టి లోపం ఉంటే కళ్లజోడు పెట్టాల్సిందే. అంతేగానీ కంటి వ్యాయామాలు, రంగుటద్దాలు డిస్లెక్సియాను తగ్గిస్తాయనడానికి ఆధారం లేదని అమెరికాలో పిల్లల వైద్యుల, నేత్ర వైద్యుల సంఘాలు 2009లోనే ఉమ్మడిగా చెప్పాయి. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస, కుదురు లేకపోవడం, తోడైన పిల్లలకు మందులు వాడతాం. అవి కుదురుగా కూర్చోబెడతాయి, అక్షరాలు నేర్పవు.

మీ అబ్బాయికి చిక్కు కంటిలో లేదు. మాటలోని ధ్వనులను విడదీసి, వాటిని అక్షరాలతో జత చేసుకునే చోట ఉంది. దీనికి చికిత్స బోధనే. అది నా చేతిలో లేదు, బడి చేతిలో ఉంది.

1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే ఇంగ్లండ్ వైద్యుడు, తెలివితేటలు చక్కగా ఉండీ చదవలేకపోయిన పద్నాలుగేళ్ల కుర్రవాడి గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. పాఠాలన్నీ నోటితోనే చెబితే బడిలో వాడంత చురుకైన పిల్లవాడు ఉండడని ఆ కుర్రవాడి ఉపాధ్యాయుడు అన్నాడట. నూట ముప్ఫై ఏళ్లు కావస్తున్నా చాలా బళ్లు ఆ ఉపాధ్యాయుడి దగ్గరే ఆగిపోయాయి. పిల్లవాడికి తెలివి ఉందని ఒప్పుకుంటాయి, ప్రశ్నపత్రం చదివి పెడతాయి, అక్కడితో తమ పని అయిపోయిందనుకుంటాయి. అదనపు సమయం, చదివి వినిపించడం వాడి హక్కు, వాటిని వదులుకోకండి. కానీ ఎముక విరిగినవాడికి చేతికర్ర ఇచ్చి, కట్టు వేయకుండా ఇంటికి పంపితే ఎలా? నా దగ్గరకు సర్టిఫికెట్ కోసం వచ్చే కుటుంబాల్లో ఎక్కువ మంది అది చేతికి రాగానే వెళ్లిపోతారు. దాన్ని చూపించి బడిని ఏం అడగాలో వాళ్లకు చెప్పేవాళ్లు ఉండరు.

అడగాలంటే ముందు చిక్కు ఎక్కడుందో మీకు తెలియాలి. 1986లో గఫ్, టన్మర్ అనే పరిశోధకులు ఒక చిన్న సూత్రం చెప్పారు. చదివి అర్థం చేసుకోవడమంటే రెండు నేర్పుల లబ్ధం: అక్షరాలను మాటగా మార్చుకోవడం ఒకటి, విన్న మాటను అర్థం చేసుకోవడం రెండోది. లబ్ధం కాబట్టి ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. మీవాడు కథను పొల్లు పోకుండా చెబుతున్నాడంటే రెండోది బాగుంది. కుంటుతున్నది మొదటిది.

ఈ రోజే ఇంట్లో చూడండి. వాడు ఇంతకుముందు చూడని పేరా ఒకటి ఇచ్చి, పక్కన బొమ్మ ఉంటే చేత్తో మూసేయండి. ‘చెట్టు మీద పిట్ట వాలింది’ అని ఉన్నచోట ‘చెట్టు మీద పక్షి ఉంది’ అని చదివితే, వాడు చదవడం లేదు, ఊహిస్తున్నాడు. ‘పిలక’ను ‘పలక’ అంటే గుడి దగ్గర జారిపోతున్నాడు. పాత పాఠమైతే గడగడా అప్పజెప్పేస్తాడు, వేలు ఒక పంక్తి మీద, నోరు మరో పంక్తి మీద ఉంటాయి. తర్వాత ‘లోమకి’, ‘తుబిగ’ లాంటి అర్థం లేని పదాలు కొన్ని రాసి చదివించండి. ఊహించడానికి వీల్లేని పదాలు గనక అక్షరాలు ఎంతవరకు వచ్చో అక్కడ దాగదు. చివరగా పుస్తకం లేకుండా అడగండి: ‘కల’లో ‘క’ తీసి ‘వ’ పెడితే ఏమవుతుంది? ‘వల’ అనడానికి తడుముకుంటే చిక్కు ధ్వనుల దగ్గరే మొదలైందన్నమాట. ఇవన్నీ తేదీ వేసి ఒక కాగితం మీద రాసుకోండి. బడికి వెళ్లేటప్పుడు డాక్టరు సర్టిఫికెట్ కంటే ఈ కాగితమే మీకు ఎక్కువ పనికొస్తుంది.

ఇలాంటి పిల్లలకు పనిచేసే బోధన ఏదన్న విషయంలో వివాదమేమీ లేదు. ధ్వనులను విడదీయడం, అక్షరం–ధ్వని సంబంధం, గుణింతాలు, ఒత్తులు ఒక వరుసలో, ఒకటి గట్టిపడ్డాకే తర్వాతది, టీచరు చేసి చూపిస్తూ నేర్పాలి. బొమ్మ చూసి ఊహించమనకూడదు, కూడబలుక్కుని చదవమనాలి. చదవడం నేర్పే పద్ధతులపై పరిశోధనలను పరిశీలించి అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000లో ఇచ్చిన నివేదికలో ధ్వనులు, అక్షరాలతో పాటు ధారాళంగా చదవడం, పదసంపద, అర్థగ్రహణం కూడా ఉన్నాయి. తొమ్మిదేళ్లకు ఆలస్యమైపోలేదు. ఆరేళ్లకు మొదలుపెట్టి ఉంటే ఇంత శ్రమ ఉండేది కాదు, అంతే. ఇప్పుడు ఎక్కువ గంటలు పడతాయి.

బడిని నోటిమాటగా కాకుండా ఉత్తరం ద్వారా అడగండి. ‘మా బాబును శ్రద్ధగా చూసుకోండి’ అని రాస్తే ‘అలాగే’ అని జవాబు వస్తుంది, పని జరగదు. ఎవరు నేర్పుతారు, ఆ టీచరుకు ఇందులో శిక్షణ ఉందా, వారానికి ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని నిమిషాలు, గుంపులో ఎంతమంది, ఏ వరుసలో నేర్పుతారు – ఇవి అడగండి. లక్ష్యం అంకెల్లో ఉండాలి. ‘చదవడంలో మెరుగుపడతాడు’ అన్నది లక్ష్యం కాదు. ఒత్తులున్న రెండో తరగతి పేరాను నిమిషానికి ఇన్ని పదాల చొప్పున, ఇన్ని తప్పులకు మించకుండా చదువుతాడు అన్నది లక్ష్యం. వారానికోసారి ఒక నిమిషం చదివించి సరిగ్గా చదివిన పదాలు లెక్కపెడితే నడక తెలిసిపోతుంది. సమావేశమైన రోజే, ఏం ఒప్పుకున్నారో మీరే రాసి పంపండి. బడి మీద అరవకండి. తరగతి టీచరుకు ఈ పద్ధతి ఎవరూ నేర్పి ఉండకపోవచ్చు, చాలాసార్లు అసలు కారణం అదే.

ఆ పాప సంగతి విన్నాక కోపం వచ్చిందని దాచను. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు ఎంతోమంది చదవడం నేర్చుకుంటారు. వాళ్లలో చాలామందికి వినికిడి సమస్య ఉంటుంది గనక ముందు చెవి పరీక్ష కావాలి. అక్షరాలతో పాటు మాటలు, అర్థాలు కూడా నేర్పాలి, చిన్న మోతాదుల్లో ఎక్కువసార్లు చేయించాలి. మేధోపరమైన వైకల్యం ఉందన్న కారణంతో పుస్తకం చేతికే ఇవ్వకపోతే, అది ఆ పాప పరిమితి కాదు, బడి పెట్టిన పరిమితి. వైకల్యం ఉన్న పిల్లలకు సాధారణ బడిలోనే తగిన సాయంతో చదువు అందాలని 2006 నాటి ఐక్యరాజ్య సమితి ఒప్పందంలోని 24వ అధికరణ చెబుతోంది. ఆ పాప తల్లిదండ్రులకు ఇష్టమైతే ఇద్దరూ కలిసి వెళ్లండి. ఒక్కరు అడిగితే ఫిర్యాదు అనుకుంటారు, ఇద్దరు అడిగితే కుర్చీ వేస్తారు.

ఇంట్లో రోజుకు పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. ఒకే చిన్న పేరాను రెండు మూడు రోజులు చదివించండి, ఆగినచోట కాసేపు చూసి అందించండి. తప్పు రాసిన పదాన్ని వందసార్లు రాయించే శిక్ష మానేయండి. సైన్సు, సాంఘికశాస్త్రం మీరే చదివి వినిపించండి, చదవడం రాలేదని ఆ పాఠాలు ఆగిపోకూడదు. బడి ఉన్న రోజు ఉదయాన్నే కడుపునొప్పి, సెలవు రోజు హుషారు – ఇలా ఉంటే వాడు నటిస్తున్నాడని అనుకోకండి, టీచరుకు చెప్పండి, డాక్టరుకూ చెప్పండి. రెండు నెలల తర్వాత కూడా నిమిషం లెక్క కదలకపోతే వాడిని తప్పుపట్టకండి. వారానికి గంటలు పెంచమని, గుంపు తగ్గించమని, పద్ధతి మార్చమని అదే కాగితం పట్టుకుని మళ్లీ బడికి వెళ్లండి.