తమ్ముడితో కూర్చునే ముందు: అమ్మాయికి పెదనాన్న లేఖ

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

వచ్చే ఆదివారం తమ్ముణ్ణి కూర్చోబెట్టి మాట్లాడబోతున్నారని, నిన్ను కూడా హైదరాబాదు నుంచి రమ్మన్నారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. బెట్టింగ్ యాపుల్లో పోగొట్టుకున్నది రెండు లక్షలని ఒకసారి, మూడున్నర అని మరోసారి చెప్పాడట వాడు. ఏం మాట్లాడాలో రాసి పంపమని నువ్వు అడిగావు. బ్యాంకులో ముప్పై నాలుగేళ్ళు జనం అప్పులు చూసినవాణ్ణి, మన బంధువుల ఇళ్ళలో ఇలాంటి మాటలకు మూడుసార్లు పెద్దమనిషిగా వెళ్ళినవాణ్ణి గనుక నాకు తెలిసింది చెబుతాను.

మొదట మేము చేసిన తప్పు విను. 2014లో మీ బావ క్రికెట్ పందేల సంగతి బయటపడినప్పుడు, తాతయ్యకు ఒంట్లో బాగోలేదని అబద్ధం చెప్పి వాణ్ణి పిలిపించి, పదకొండు మందిమి హాల్లో చుట్టూ కూర్చుని నాలుగు గంటలపాటు అడిగిందే అడిగాం. వాడు అన్నిటికీ తల ఊపాడు. ఎదురుగా పెట్టిన కాఫీ మీద మీగడ కట్టి ముడతలు పడింది, గ్లాసు అంచు మీద ఒక చీమ తిరుగుతోంది, వాడు చివరిదాకా ఆ చీమనే చూస్తూ కూర్చున్నాడు. వాడి చేత అమ్మ మీద ఒట్టు వేయించుకుని, గండం గడిచిందనుకుని మేమంతా భోజనాలకు లేచాం. ఆ రాత్రే వాడు ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. మూడో రోజు విజయవాడ స్టేషనులో కనిపించేదాకా మీ అత్త పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. మేము పెట్టింది పంచాయితీ అని, అందులో వాడికి ముద్దాయి స్థానం తప్ప మరొకటి మిగల్చలేదని నాకు ఆ మూడు రోజుల్లో అర్థమైంది.

తరువాత వాడికి వైద్యం చేసిన డాక్టరుగారు నాకొక సంగతి చెప్పారు. ఇంటిల్లిపాదీ ఒకేసారి ఎదుట కూర్చుని నిలదీసే పద్ధతిని 1960లలో అమెరికాలో వెర్నన్ జాన్సన్ అనే మతాచార్యుడు తాగుడు మానని వాళ్ళ కోసం ప్రచారంలోకి తెచ్చారట. 1999లో అక్కడే వెలువడిన ఒక అధ్యయనంలో, ఆ పద్ధతి నేర్పిన కుటుంబాల్లో 30 శాతం మందే తమవాణ్ణి వైద్యానికి ఒప్పించగలిగారు. నిలదీయకుండా, మంచిగా ఉన్నప్పుడు దగ్గరకు తీస్తూ, సమయం చూసి చికిత్స మాట ఎత్తడం నేర్చుకున్న కుటుంబాల్లో 64 శాతం మంది ఒప్పించగలిగారు. అది తాగుడు గురించి చేసిన పని, మనది జూదం. అయినా నేను చూసిన మూడు ఇళ్ళలోనూ ఇదే నిజమైంది.

కాబట్టి అమ్మ, నాన్న, నువ్వు, వాడికి చనువున్న మీ చిన్న మామయ్య ఉంటే చాలు. నేను ఆ గదిలో ఉండను; నన్ను చూస్తే వాడు నోరు విప్పడు. ఎందుకు రమ్మంటున్నారో ముందుగానే వాడికి నిజం చెప్పండి. మ్యాచ్ ఉన్న సాయంత్రం పెట్టుకోవద్దు, పొద్దున టిఫిన్లయ్యాక కూర్చోండి, గంట దాటనివ్వకండి.

నువ్వు చెప్పదలచుకున్నది ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళు, తల్లీ. నీ కళ్ళతో చూసింది మాత్రమే రాయి. "సంక్రాంతికి వచ్చినప్పుడు రాత్రి రెండింటికి నువ్వు మేడ మీద ఫోను పట్టుకుని ఒక్కడివే ఉండటం చూశాను, భయమేసింది" అంటే వాడు వింటాడు. "నీ వయసువాళ్ళు ఇళ్ళు కట్టుకుంటున్నారు" అన్న మాట ఎవరి నోటి నుంచి వచ్చినా వాడి చెవులు మూసుకుంటాయి.

అప్పు ఎంతని అడిగితే వాడు మొదట సగమే చెబుతాడు. అబద్ధమాడుతున్నావని మీదపడవద్దు, సిగ్గు అడ్డుపడి పూర్తి అంకె నోటికి రాదు. మీ బావ రెండు లక్షలతో మొదలుపెట్టి, కాలెండరు కాగితం వెనక మేమిద్దరం వరుసగా రాసుకుంటూ పోతే తొమ్మిది లక్షల నలభై వేల దగ్గర ఆగాడు. బ్యాంకులు, రిజిస్టరైన ఫైనాన్స్ కంపెనీల అప్పులు సిబిల్ రిపోర్టులో కనిపిస్తాయి. ఏడాదికి ఒకసారి దాన్ని ఉచితంగా తీసుకోవచ్చు. స్నేహితుల దగ్గర తెచ్చిన చేబదుళ్ళు, తాకట్టు కొట్లో పెట్టిన గొలుసు, దొంగ లోన్ యాపులు అందులో కనిపించవు గనుక వాటిని విడిగా, ఓపికగా అడగాలి.

పొలం అమ్మి ఒక్కసారిగా తీర్చేద్దామని మీ నాన్న అంటున్నాడు, అది మాత్రం జరగనివ్వకండి. అప్పు మొత్తం మాఫీ అయిన మర్నాడు వాడి చేతిలో మళ్ళీ అప్పు పుట్టే ఫోను ఉంటుంది, పోయింది రాబట్టాలన్న ఆశ లోపల అలాగే ఉంటుంది. మీ అత్తావాళ్ళు అరెకరం అమ్మి తీర్చిన ఏడు నెలలకే రెండో విడత పందేలు మొదలయ్యాయి. డబ్బు వాడి చేతికి ఇవ్వకుండా, అప్పిచ్చినవాళ్ళకు నేరుగా, విడతల్లో కట్టండి. జీతం కొంతకాలం మీ అమ్మ ఖాతాలో పడటానికి వాడే ఒప్పుకునేలా చూడండి. ఫోటోలు మార్చి బెదిరించే లోన్ యాపులవాళ్ళకు పైసా కట్టకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వండి. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 దాటాక ఫోను చేయకూడదని రిజర్వు బ్యాంకు నియమం ఉంది, అది కూడా వాడికి చెప్పండి. ఈ చిన్న మాటకే మీ బావ భుజాలు కిందికి దిగడం చూశాను.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. ఒంటరిగా దొరికినప్పుడు "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా" అని నువ్వే సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మీ అమ్మ భయపడుతుంది, అలా జరగదు. అడిగేవాళ్ళు లేకనే లోపల అది ముదురుతుంది. అనిపించిందని వాడంటే ఉలిక్కిపడకుండా విను, వాణ్ణి ఒంటరిగా వదలకండి, అదే రోజు డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు అదే. ఆ ఆలోచన లేదన్నా కూడా ఆదివారం రాత్రి మామయ్యను వాడి పక్కనే పడుకోమను, ఎందుకంటే మాట్లాడుతున్నప్పటికన్నా అంతా అయిపోయాక వచ్చే ఆ రాత్రి బరువైనది.

జూదపు వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితాలో చేర్చింది, కాబట్టి సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్ళడంలో నామోషీ ఏమీ లేదు. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. బలవంతంగా పట్టుకెళ్ళి తలుపులు వేసే కేంద్రాల సంగతి ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ఆదివారం వాడి దగ్గర ఒట్లు తీసుకోవద్దు. డాక్టరు అపాయింట్‌మెంటు ఒకటి ముందే తీసుకుని ఉంచు, "సోమవారం పదింటికి నాతో వస్తావా" అని అడుగు. రానంటే పోట్లాడకు, బుధవారం మళ్ళీ అడుగు.

మీ నాన్న కోపం సంగతి నాకు వదిలెయ్యి, శనివారం మధ్యాహ్నానికి నేను వచ్చి మాట్లాడతాను. దొడ్లో పత్తికి తెచ్చిన పురుగుమందు డబ్బాలు ఉన్నాయి కదా, వాటిని తిరిగి వెళ్ళేటప్పుడు నా కారులో వేసుకుని పోతాను. ఎందుకని మీ నాన్న అడిగితే, ఎందుకో చెప్పే తీసుకెళ్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న