అడగండి - చెబుతాం: చివరి ఐదు నిమిషాల పెట్రోలు

ప్రశ్న: కన్ను పోయాక కూడా ఇటలీ నుంచి ఇంగ్లండు దాకా బాంబర్ తెచ్చిన ఆస్ట్రేలియా పైలట్ మిడిల్టన్ ఎవరు? దారిలో ఫ్రాన్స్‌లో దిగిపోతే బతికేవాడు కదా? (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: రాడన్ హ్యూమ్ మిడిల్టన్ 1916 జులై 22న సిడ్నీ దగ్గరి వేవర్లీలో పుట్టాడు. పశువుల, గొర్రెల క్షేత్రాల్లో పనిచేస్తూ 1940 అక్టోబరులో తనంతట తానే ఆస్ట్రేలియా వైమానిక దళంలో చేరాడు. నరోమైన్‌లో విమానం నేర్చి, కెనడాలో శిక్షణ ముగించి, 1941లో బ్రిటన్ చేరాడు. అక్కడ 149వ దళంలో నాలుగు ఇంజన్ల స్టెర్లింగ్ బాంబర్ అప్పగించారు. 30 దాడులు పూర్తిచేస్తే విశ్రాంతి దొరుకుతుంది. అతను చనిపోయింది 29వ దాడిలో.

1942 నవంబరు 28 రాత్రి ఇంగ్లండులోని లేకెన్‌హీత్ నుంచి ట్యూరిన్‌లోని ఫియట్ కర్మాగారం మీదికి బయలుదేరారు. లెక్క తప్పడం ఆల్ప్స్ దగ్గరే మొదలైంది. బరువుతో ఉన్న స్టెర్లింగ్‌ను 12,000 అడుగులకు ఎక్కించడానికే ఇంజన్లు విపరీతంగా పెట్రోలు తాగాయి. తిరిగి రావడానికి బొటాబొటీగా మిగిలింది. అప్పుడే వెనక్కి తిప్పితే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ముందు వెలుగు బాంబులు కనిపించడంతో సాగిపోయాడు. లక్ష్యం గుర్తుపట్టడానికి 2,000 అడుగులకు దిగి ఊరి మీద మూడుసార్లు తిరిగాడు. అంత కిందికి దిగితే చిన్న విమాన విధ్వంసక తుపాకులకు కూడా అందుతారు. ఎడమ రెక్కకు పెద్ద బొక్క పడింది. తర్వాత గుండు కాక్‌పిట్‌లోనే పేలింది. కుడి కన్ను పోయి, ఎముక బయటపడి, మిడిల్టన్ స్పృహ తప్పాడు. విమానం 800 అడుగుల దాకా జారింది. తలకూ రెండు కాళ్లకూ గాయాలైన రెండో పైలట్ దాన్ని 1,500 అడుగులకు లేపి బాంబులు వదిలాడు.

ఇక మీ ప్రశ్న. ఫ్రాన్స్‌లో దిగడం గురించి విమానంలోనే మాట్లాడుకున్నారు. కానీ జర్మన్లు దక్షిణ ఫ్రాన్స్‌ను కూడా ఆక్రమించి మూడు వారాలు కాలేదు. ఎక్కడ దిగినా బందీలే, అందులోనూ గాయపడ్డవాళ్లు. ఇంగ్లండు తీరం చేరితే సిబ్బంది పారాచూట్లతో దూకుతారని అతని లెక్క. నాలుగు గంటల తర్వాత ఫ్రాన్స్ తీరంలో మళ్లీ కాల్పులు తగిలాయి. ఇంగ్లిష్ ఛానల్ దాటేసరికి మిగిలింది ఐదు నిమిషాల పెట్రోలు. తీరానికి సమాంతరంగా నడిపితే దూకినవాళ్లకు ఒడ్డు దగ్గరగా ఉంటుంది, ఆ తర్వాత సముద్రం వైపు తిప్పితే ఖాళీ విమానం ఇళ్ల మీద పడదు. ఐదుగురు దూకి బతికారు. ముందు తుపాకీ మనిషి, ఫ్లైట్ ఇంజనీరు అతనికి తోడుగా ఉండిపోయారు. ముగ్గురూ పోయారు. అప్పటికి మిడిల్టన్‌కు 26 ఏళ్లు.

తానూ దూకలేకపోయాడా అని చాలామంది అడుగుతుంటారు. రెక్కకు బొక్క పడిన విమానం ఒక పక్కకు వాలిపోతూ ఉంటుంది. పట్టు వదిలితే ఒరిగి తిరగబడుతుంది, లోపలివాళ్లు తలుపు దాకా చేరడమే కష్టం. అందుకే పైలట్ వంతు చివరిది. రక్తం అంతగా పోయిన మనిషికి ఆ వంతు రాదని అతనికి ముందే తెలుసు. అతనికి వచ్చిన విక్టోరియా క్రాస్ (బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం) ప్రకటనలో కూడా అదే మాట ఉంది.

ప్రశ్న: స్టెర్లింగ్ పైకి ఎక్కలేకపోవడానికి హ్యాంగర్ (విమానాలు నిలిపే షెడ్డు) తలుపులే కారణమట, నిజమేనా? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: రెక్కల కొన నుంచి కొనకు 99 అడుగులే కాబట్టి ఎక్కగలిగే ఎత్తు తక్కువ, అది నిజం. హ్యాంగర్ తలుపుల్లో పట్టడానికే రెక్కలు కురచ చేశారన్న కథ మాత్రం నమ్మదగింది కాదు. ఆనాటి పెద్ద హ్యాంగర్ల తలుపులు 100 అడుగులకు మించే ఉండేవి. ఇక మోత చూడండి: దగ్గరి లక్ష్యానికైతే 14,000 పౌన్ల బాంబులు మోసేది, 2,010 మైళ్ల ప్రయాణానికి 3,500 పౌన్లే. మిగతా బరువంతా పెట్రోలుదే. మాంట్ బ్లాంక్ శిఖరం 15,700 అడుగులు దాటుతుంది. 12,000 దగ్గర ఎగిరే విమానం శిఖరాల మధ్య సందు వెతుక్కోవాలి, అదీ చీకట్లో.

ప్రశ్న: మిడిల్టన్ శవం దొరకలేదని ఒకచోట, సమాధి ఉందని ఇంకోచోట చదివాను. హోదా కూడా రెండు రకాలుగా రాశారు. ఏది సరి? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: రెండూ సరే, తేదీ చూసుకోవాలి. విక్టోరియా క్రాస్ ప్రకటన 1943 జనవరి 15న వచ్చింది, అప్పటికి శవం దొరకలేదు. ఫిబ్రవరి 1న డోవర్ దగ్గర షేక్‌స్పియర్ బీచ్‌కు కొట్టుకొచ్చింది. సఫోక్‌లోని బెక్ రో సెయింట్ జాన్ చర్చి ఆవరణలో ఖననం చేశారు. ఎగిరింది ఫ్లైట్ సార్జెంట్‌గా. పైలట్ ఆఫీసర్ హోదా మరణానికి ముందు తేదీతో తర్వాత ఇచ్చారు. సార్జెంట్ హోదా వాడు కెప్టెన్ ఎలా అవుతాడని అనుమానం వద్దు, బ్రిటిష్ బాంబర్లో కెప్టెన్ పైలటే, పక్కన అధికారి ఉన్నా సరే.

ప్రశ్న: బ్రిటిష్ వాళ్లకు హైదరాబాద్ పేరుతో బాంబర్ దళం ఉండేదా? (ఒక పాఠకుడు, సికింద్రాబాద్)

జవాబు: ఉండేది, 110వ దళం. మొదటి ప్రపంచయుద్ధంలో దాని డీహెచ్-9ఏ విమానాలకు నిజాం డబ్బిచ్చాడు, పేరు అలా వచ్చింది. 1939 సెప్టెంబరు 4న జర్మన్ యుద్ధనౌకల మీద బ్రిటన్ చేసిన మొదటి దాడిలో ఈ దళం బ్లెన్‌హైమ్ బాంబర్లు ఐదు వెళ్లాయి, ఒకటి తిరిగి రాలేదు. వెనకే వెళ్లిన 107వ దళం ఐదింటిలో నాలుగు కోల్పోయింది. ముందువాళ్లు శత్రువు మీద అదాటున పడ్డారు, తర్వాతివాళ్లు వచ్చేసరికి తుపాకులు సిద్ధంగా ఉన్నాయి. పేరు మాత్రం మనది, ఆ రోజు ఎగిరినవాళ్లు బ్రిటిష్ వాళ్లు.