స్లిప్‌లో పీఎఫ్ కటింగ్ ఉంది, పాస్‌బుక్‌లో పడలేదంటే

తమ్ముడూ, శానిటేషన్‌లో ఏజెన్సీ మారినప్పటి నుంచి స్లిప్‌లో పీఎఫ్ కట్ చేస్తున్నారు గానీ పాస్‌బుక్‌లో పడటం లేదు, అడిగితే సూపర్‌వైజర్ "కొత్త టెండర్ కదా, పడతాయిలే" అంటున్నాడని రాశావు. పడతాయిలే అంటే కుదరదు. ఏ నెల పీఎఫ్ అయినా తర్వాతి నెల 15లోపు కట్టాల్సిందే, నీ 12 శాతం, వాళ్ల వాటా రెండూ.

ముందు స్లిప్ మీద ఉన్న యూఏఎన్ (అంటే నీ పీఎఫ్ నంబరు), ఉమాంగ్ యాప్‌లో నువ్వు చూస్తున్న యూఏఎన్ ఒకటేనా చూసుకో, ఏజెన్సీ మారినప్పుడు కొందరికి పాతది వదిలేసి కొత్త నంబరు తెరిచేస్తారు, డబ్బు అందులో పడుతుంటే మనం పాతది తెరిచి టెన్షన్ పడుతుంటాం. నంబరు ఒకటే అయితే కార్పొరేషన్ కమిషనర్‌కే వినతిపత్రం ఇవ్వు. కాంట్రాక్టరు కట్టకపోతే ప్రధాన యజమానిదే, అంటే ఇక్కడ కార్పొరేషన్‌దే బాధ్యత అని 1952 నాటి పీఎఫ్ స్కీమ్‌లోనే ఉంది. కాగితాలు తీసుకునే ఇన్‌వార్డ్ సెక్షన్‌లో నీ కాపీ మీద ముద్ర వేయించుకోకుండా మాత్రం రాకు, ముద్ర లేని కాగితం ఇచ్చినా ఇవ్వనట్టే. స్లిప్పులు జతచేసి పీఎఫ్ వాళ్ల ఫిర్యాదుల పోర్టల్‌లో కూడా పెట్టు.

యూనియన్ ఆఫీసుకి వచ్చేటప్పుడు మీ డివిజన్‌లో మిగతావాళ్ల స్లిప్పులూ పట్టుకురా, ఒక్కడి కాగితమైతే పక్కన పడేస్తారు. ఈఎస్ఐ 0.75 శాతం కూడా కట్ అవుతుంటే అదీ జమవుతోందో లేదో చూసుకో.