8 ఓమ్‌ల క్యాబినెట్‌నూ 16 ఓమ్‌ల క్యాబినెట్‌నూ ఒకే ట్యూబ్ యాంప్‌కు కలపవచ్చా?

మీ దగ్గర 50 వాట్ల గిటార్ ట్యూబ్ యాంప్ హెడ్ (స్పీకర్లు లేని యాంప్లిఫయర్ పెట్టె), 8 ఓమ్‌ల క్యాబినెట్ (స్పీకర్ల పెట్టె) ఒకటి, 16 ఓమ్‌ల క్యాబినెట్ ఒకటి ఉన్నాయనీ, రెండింటినీ ఒకేసారి తగిలిస్తే యాంప్ మీద ఓమ్‌లను ఎంచుకునే సెలెక్టర్‌ను 4, 8, 16లలో దేని మీద ఉంచాలనీ అడిగారు. కలపవచ్చు. సెలెక్టర్‌ను 4 మీద ఉంచండి. అయితే ఆ పని చేసే ముందు మల్టీమీటర్‌తో ఒక్కసారి కొలిచి చూడమని మరీమరీ కోరుతున్నాను.

యాంప్ వెనుక ఉన్న రెండు స్పీకర్ జాక్‌లు దాదాపు అన్ని యాంప్‌లలోనూ సమాంతరంగా, అంటే పారలల్‌గా కలిపి ఉంటాయి. ఒక క్యాబినెట్ నుంచి రెండోదానికి కేబుల్ లాగి గొలుసులా తగిలిస్తే అది శ్రేణి సంధానమని, అంటే సిరీస్ అని చాలామంది అనుకుంటారు, చూడటానికి అలాగే ఉంటుంది కూడా. కానీ మామూలు మోనో క్యాబినెట్‌లోని రెండు జాక్‌లు కూడా పారలల్‌గానే ఉంటాయి కాబట్టి, ఎలా తగిలించినా ఫలితం ఒక్కటే. రెండు ఇంపెడెన్స్‌ల (స్పీకర్ ఏసీ కరెంటుకు చూపే అడ్డు, ఓమ్‌లలో కొలుస్తారు) లబ్ధాన్ని వాటి మొత్తంతో భాగించాలి: 8ని 16తో గుణిస్తే 128, దాన్ని 24తో భాగిస్తే 5.33 ఓమ్‌లు. ఆ విలువకు సరిపోయే స్థానం మీ సెలెక్టర్‌లో లేదు. 4 మీద ఉంచితే తేడా 1.33 రెట్లు, 8 మీద ఉంచితే 1.5 రెట్లు వస్తుంది. అందుకే 4 అన్నాను.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో తెలియాలంటే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చేసే పనిని చూడాలి. పవర్ ట్యూబులకు స్పీకర్ ఇంపెడెన్స్ నేరుగా కనిపించదు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల నిష్పత్తి వర్గంతో గుణించిన విలువ కనిపిస్తుంది. ఉదాహరణకు 8 ఓమ్‌ల ట్యాప్ (సెలెక్టర్ 8 మీద ఉన్నప్పుడు స్పీకర్ కలిసే ట్రాన్స్‌ఫార్మర్ కొన) దగ్గర ఆ నిష్పత్తి 20:1 అనుకుంటే, 8 ఓమ్‌ల స్పీకర్ ట్యూబులకు 3,200 ఓమ్‌ల భారంగా కనిపిస్తుంది. అదే ట్యాప్‌కు 5.33 ఓమ్‌లు తగిలిస్తే ఆ భారం సుమారు 2,130 ఓమ్‌లకు పడిపోయి, ట్యూబులు ఎక్కువ కరెంటు లాగి త్వరగా అరిగిపోతాయి. భారం ఉండవలసినదానికన్నా ఎక్కువైతే కరెంటుకు బదులు వోల్టేజి పెరుగుతుంది. ఎటువైపైనా రెండు రెట్ల లోపు తేడాను ఆరోగ్యంగా ఉన్న ట్యూబ్ యాంప్ సాధారణంగా తట్టుకుంటుంది. అది తట్టుకోలేనిది స్పీకరే లేకపోవడం.

ఇది నేను నష్టపోయి తెలుసుకున్న విషయం. కొన్నేళ్ల క్రితం స్పీకర్ కేబుల్ చేతికి అందక, గిటార్‌కు వాడే షీల్డెడ్ కేబుల్‌నే యాంప్‌కూ క్యాబినెట్‌కూ మధ్య తగిలించాను. దాని లోపలి తీగ సన్ననిది, స్పీకర్‌కు వెళ్లే కరెంటు కోసం చేసినది కాదు. అరగంట వాయించాక శబ్దం తెగితెగి వచ్చింది, నేను వాల్యూమ్ తగ్గించకుండా కేబుల్‌ను కదిలించి చూశాను, అంతలో కాలిన వాసన వచ్చి ఫ్యూజ్ పోయింది. యాంప్ విప్పి చూస్తే ఒక ఇఎల్34 ట్యూబ్ సాకెట్ మీద, ప్లేట్‌కు చెందిన 3వ పిన్నుకూ హీటర్‌కు చెందిన 2వ పిన్నుకూ మధ్య వెంట్రుకంత సన్నని నల్లటి గీత పడి ఉంది. భారం లేని ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎగిసిన వోల్టేజి ఆ రెండు పిన్నుల మధ్య నిప్పురవ్వగా దూకిన దారి అది. గీకితే పోతుందనుకున్నాను, కానీ బొగ్గుగా మారిన ఆ గీత గుండా మళ్లీ కరెంటు పారుతుంది కాబట్టి సాకెట్‌నే మార్చవలసి వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ మిగలడం నా అదృష్టం. కాబట్టి రెండు తీగలూ సమానంగా, మందంగా ఉండే అసలైన స్పీకర్ కేబుల్‌నే వాడండి; కేబుల్ తీసేటప్పుడూ పెట్టేటప్పుడూ యాంప్ పూర్తిగా ఆపి ఉండాలి.

ఇక కొలత సంగతి. క్యాబినెట్ వెనుక రాసిన అంకె మొదట బిగించిన స్పీకర్లకు చెందినది, ఇప్పుడు లోపల ఉన్నవాటికి చెందినదని హామీ లేదు. నేను కొన్న ఒక పాత క్యాబినెట్ మీద 16 అని ఉండగా, కేబుల్ చివర మీటర్ పెడితే 6.4 వచ్చింది, ఎవరో స్పీకర్లు మార్చి లేబుల్‌ను అలాగే వదిలేశారు. మీటర్ చూపేది వాయిస్ కాయిల్ (స్పీకర్ లోపలి తీగచుట్ట) డీసీ నిరోధం కాబట్టి అది ఇంపెడెన్స్ కన్నా తక్కువగానే ఉంటుంది: 8 ఓమ్‌లదైతే 6 నుంచి 7 వరకు, 16 ఓమ్‌లదైతే 12, 13 ప్రాంతంలో చూపుతుంది. రెండు క్యాబినెట్లనూ గొలుసుగా కలిపి, యాంప్‌లోకి వెళ్లవలసిన ప్లగ్ కొనకూ దాని ఒంటికీ మీటర్ మొనలు ఆనిస్తే మీకు 4.3 దరిదాపుల్లో రావాలి. 3.2 వస్తే రెండూ 8 ఓమ్‌లవే, అప్పుడు 4 మీద సరిగ్గా సరిపోతుంది. అసలు ఏమీ చూపకపోతే, లేదా సున్నాకు దగ్గరగా చూపితే, కారణం దొరికేదాకా యాంప్‌ను ఆన్ చేయవద్దు.

మీరు అడగకపోయినా చెప్పవలసినది ఒకటుంది. ఈ కలయికలో శక్తి సమానంగా పంచుకోబడదు. పారలల్‌లో తక్కువ ఇంపెడెన్స్ ఉన్నదే ఎక్కువ తీసుకుంటుంది కాబట్టి, 50 వాట్లలో సుమారు 33 వాట్లు 8 ఓమ్‌ల క్యాబినెట్‌కూ 17 వాట్లు రెండోదానికీ వెళ్తాయి. డిస్టార్షన్ వచ్చేదాకా పెంచి వాయిస్తే యాంప్ 50 వాట్లను దాటుతుంది కనుక, 8 ఓమ్‌ల క్యాబినెట్ సామర్థ్యం కనీసం 60 వాట్లైనా ఉంటే నాకు నిశ్చింతగా ఉంటుంది. రెండు రెట్ల శక్తి అంటే 3 డెసిబెళ్ల తేడా. 16 ఓమ్‌ల క్యాబినెట్‌లోని స్పీకర్ల సెన్సిటివిటీ (ఇచ్చిన శక్తికి ఎంత బిగ్గరగా పలుకుతాయో చెప్పే కొలత) 100 డెసిబెళ్లు, మరొకదానిది 97 అయితే రెండూ దాదాపు సమానంగా వినిపిస్తాయి. తిరగబడితే ఒకటి రెండోదాన్ని పూర్తిగా మింగేస్తుంది.

ట్రాన్సిస్టర్ యాంప్ ఉన్నవారు ఇక్కడి లెక్కను అలాగే తీసుకోకూడదు. వాటిలో అధిక భాగానికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, కనీస ఇంపెడెన్స్ మాత్రం రాసి ఉంటుంది. కనీసం 8 అని ఉన్నచోట 5.33 తగిలిస్తే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోవచ్చు, 16 తగిలిస్తే మాత్రం శక్తి తగ్గుతుందే తప్ప ప్రమాదం లేదు.

16 ఓమ్‌ల క్యాబినెట్ లోపలి తీగలు మార్చి దాన్ని 8గా చేయవచ్చా అన్నది మీ చివరి ప్రశ్న. ఒకే రకం స్పీకర్లు రెండు ఉన్నప్పుడు అది కుదరదు. అందులో 8 ఓమ్‌ల స్పీకర్లు రెండు శ్రేణిలో ఉంటే, వాటిని పారలల్ చేయగానే విలువ నేరుగా 4కు దిగుతుంది. దాన్ని 8తో కలిపితే 2.67 అవుతుంది, అది ఇప్పుడున్న 5.33 కన్నా అధ్వానం. రెండు క్యాబినెట్లూ సమానంగా పలకాలనుకుంటే, ఆ స్పీకర్ల స్థానంలో 16 ఓమ్‌లవి రెండు పారలల్‌గా బిగించాలి. అప్పుడు రెండు క్యాబినెట్లూ 8 ఓమ్‌లవై, సెలెక్టర్ 4 మీద ఏ తేడా లేకుండా కుదురుతుంది.