హెచ్7లో గుర్రాన్ని ఆనంద్ ఎందుకు తినలేదు?

పాఠకుల ప్రశ్నలు: చదరంగం

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి. మెరాన్ ఓపెనింగ్ పన్నెండో ఎత్తు దాకా కళ్లు మూసుకుని వేస్తుంది. అవతలివాళ్లు కొంచెం దారి మార్చారంటే మాత్రం అరగంట ఆలోచించి, ఏదో ఒకటి వేసి ఓడిపోయి వస్తోంది. ఏ గ్రాండ్‌మాస్టర్ ఆట చూడాలి, ఎలా చూడాలి?
– ఓ తల్లి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: పాపకు ఎత్తులు వచ్చాయి, ఆ ఎత్తులు దేనికోసమో ఇంకా పట్టుబడలేదు. మెరాన్ అంటే మంత్రి ముందు బంటుతో మొదలయ్యే ఒక ఆరంభ ఎత్తుల వరస. అందులో నల్లపావుల తలనొప్పి సి8లోని బిషప్. (తెల్లవైపు నుంచి చూస్తే ఎడమ నుంచి కుడికి ఎ–హెచ్ నిలువు వరసలు, కింది నుంచి పైకి 1–8 అడ్డ వరసలు.) (మన ఇళ్లలో దాన్ని కొందరు శకటు అంటారు, కొందరు ఒంటె అంటారు. గందరగోళం లేకుండా బిషప్ అనే రాస్తున్నాం.) ఇ6లో ఉన్న సొంత బంటే దానికి అడ్డం. అందుకని తెల్ల బిషప్ డి3కి వచ్చేదాకా నల్ల ఓపిక పట్టి, అప్పుడు సి4లోని బంటును తింటుంది. దాన్ని తిరిగి తినడానికి తెల్ల బిషప్ రెండోసారి కదలాలి. బి5 బంటు తరిమితే మూడోసారి. ఆ దొరికిన సమయంలో మన బిషప్ బి7 చేరుతుంది. తీరా అక్కడ సి6 బంటు అడ్డం. కాబట్టి సి5 వేసి తీరాలి. ఈ ఓపెనింగ్ ప్రాణమంతా ఆ ఒక్క బంటులోనే ఉంది.

తొందరపడితే చెడేది కూడా అక్కడే. సి6 నుంచి బంటు కదలగానే బి5 బంటుకు కాపు పోతుంది. చాలామంది ముందు ఎ6 వేసుకునేది అందుకే. అవతలివాళ్లు దారి మార్చినప్పుడు పాప తనను తాను అడగాల్సిన ప్రశ్న ఒకటే: ‘ఇప్పుడు సి5 వేస్తే బి5 నిలుస్తుందా?’

చూడాల్సిన ఆట: అరోనియన్ – ఆనంద్, వైక్ ఆన్ జీ, నెదర్లాండ్స్, 2013 జనవరి 15. అప్పటికి ఆనంద్ ప్రపంచ చాంపియన్. గు అంటే గుర్రం, బిష బిషప్, మం మంత్రి, ఏ ఏనుగు, రా రాజు. పావు పేరు లేకుంటే అది బంటు ఎత్తు. × అంటే తినడం, + అంటే చెక్, 0-0 అంటే రాజును కోట కట్టడం (కాజ్లింగ్).

1.డి4 డి5 2.సి4 సి6 3.గు.ఎఫ్3 గు.ఎఫ్6 4.గు.సి3 ఇ6 5.ఇ3 గు.బి-డి7 6.బిష.డి3 డి×సి4 7.బిష×సి4 బి5 8.బిష.డి3 బిష.డి6 9.0-0 0-0 10.మం.సి2 బిష.బి7 11.ఎ3 ఏ.సి8 12.గు.జి5 సి5 13.గు×హెచ్7 గు.జి4 14.ఎఫ్4 సి×డి4 15.ఇ×డి4 బిష.సి5 16.బిష.ఇ2 గు.డి-ఇ5 17.బిష×జి4 బిష×డి4+ 18.రా.హెచ్1 గు×జి4 19.గు×ఎఫ్8 ఎఫ్5 20.గు.జి6 మం.ఎఫ్6 21.హెచ్3 మం×జి6 22.మం.ఇ2 మం.హెచ్5 23.మం.డి3 బిష.ఇ3. తెల్ల ఓటమి ఒప్పుకుంది.

ఎత్తుల మీద కాగితం కప్పి, నల్లవైపు 12, 13, 15, 16, 19 దగ్గర ఆపండి. ఒక్కోచోట పది నిమిషాలు. పావులు ముట్టుకోకుండా రెండు మూడు ఎత్తులు ఆలోచించి, అవతలి జవాబుతో సహా నోట్‌బుక్‌లో రాశాకే కాగితం జరపాలి. చెన్నై టోర్నీలకు సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లే మూడు గంటల పైచిలుకు సమయం ఇలాంటి ఒక ఆటకు చక్కగా సరిపోతుంది. ఎత్తుల బాగోగులు లెక్కగట్టే స్టాక్‌ఫిష్ ప్రోగ్రామ్‌ను చివర్లోనే తెరవండి. ముందే తెరిస్తే పాప తెరమీది అంకెను చూస్తుంది, బోర్డును చూడదు.

ప్రశ్న: అదే ఆటలో 13వ ఎత్తులో హెచ్7 గుర్రాన్ని, 19లో ఎఫ్8 గుర్రాన్ని ఆనంద్ ఊరికే వదిలేశాడు. ఊరికే వచ్చేదాన్ని తినకపోవడం ఏమిటి?
– ఇంటర్ విద్యార్థి, గిరింపేట, చిత్తూరు

జవాబు: 13లో గుర్రంతో తింటే తెల్ల బిషప్ చెక్‌తో హెచ్7లో దిగుతుంది. బంటు పోయినట్టే, రాజు ముందు గోడ కూలినట్టే. పైగా రాజుకు కాపు కాస్తున్న మన గుర్రమూ మారిపోతుంది. దానికి బదులు ఆ గుర్రం జి4కి దూకగానే డి6 బిషప్ హెచ్2ను చూస్తోంది, మంత్రికి హెచ్4 దారి తెరుచుకుంది. ఆ బిషప్‌ను ఆపడానికే తెల్ల ఎఫ్4 వేసింది. కానీ ఎఫ్2 ఖాళీ అయి, జి1లోని రాజు వైపు మరో ఏటవాలు దారి తెరుచుకుంది. 15లో బిషప్ సి5కి మారింది ఆ దారి కోసమే.

16లో గుర్రం ఇ5కి రావడం బోర్డు మీద పేర్చి చూడండి. తెల్ల ఎఫ్ బంటుతో దాన్ని తింటే మంత్రి డి4లో చెక్. రాజు హెచ్1కి పోతే మంత్రి జి1లో దిగి మళ్లీ చెక్. సి5 బిషప్ కాపు ఉంది కాబట్టి రాజు తినకూడదు, ఏనుగే తినాలి. అప్పుడు జి4 గుర్రం ఎఫ్2కి వస్తే మాట్. రాజు చుట్టూ జి1, జి2, హెచ్2 అన్నీ సొంతవాళ్లే. సి2 మంత్రి ఎఫ్2కి రాలేదా అంటే, మధ్యలో ఇ2లో తెల్ల బిషప్ అడ్డం. 16వ ఎత్తులో తెల్ల తనే తెచ్చి పెట్టుకున్న అడ్డం అది. ఈ ఒక్క వరస చూడటానికైనా ఈ ఆట నేర్చుకోవాలి.

19 దగ్గర ఆనంద్ పూర్తిగా ఒక ఏనుగు వెనకబడి ఉన్నాడు. రాజుతో ఎఫ్8 గుర్రాన్ని తింటే తెల్ల మంత్రి హెచ్7కి వచ్చి హెచ్ వరసంతా కాపు కాస్తుంది. తినకుండా నేరుగా మంత్రి హెచ్4కి వెళ్లినా అంతే, హెచ్7లో చెక్ ఇచ్చి మంత్రుల మార్పిడి చేయిస్తుంది. ఎఫ్5 బంటు సి2–హెచ్7 దారిని మూసేస్తుంది. ఆ గుర్రం ఎక్కడికి పోయినా తర్వాత చూసుకోవచ్చు, రెండెత్తులకే దొరికింది కూడా.

చివరి ఎత్తు కూడా అలాంటిదే. డి3 మంత్రి మూడో వరస పొడవునా హెచ్3ని కాపాడుతోంది. ఇ3 బిషప్ ఆ వరసను కోసేసింది. ఇక మంత్రి హెచ్3 తింటే మాట్, ఎందుకంటే బి7 బిషప్ జి2 బంటును రాజుకు కట్టేసి ఉంచింది. మొదటి జవాబులో చెప్పిన తలనొప్పి బిషప్ అదే! 1907లో, నేటి పోలండ్‌లోని వూచ్ నగరంలో, రోట్లెవి మీద రూబిన్‌స్టెయిన్ గెలిచిన ఆట పక్కన పెట్టుకుని చూడండి. అక్కడా రెండు బిషప్‌లు, జి4లో గుర్రం.

ప్రశ్న: పిల్లలు ఎత్తు ముందే షీట్‌లో రాసి, తర్వాత పావు కదుపుతున్నారు. తప్పా?
– పీఈటీ, పలమనేరు, చిత్తూరు జిల్లా

జవాబు: తప్పే. ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) నిబంధనల ప్రకారం ఆడిన తర్వాతే రాయాలి. డ్రా క్లెయిమ్, ఆట వాయిదా లాంటి సందర్భాలకే మినహాయింపు. ఇంట్లో విశ్లేషణకు మాత్రం ప్రతి ఐదెత్తులకూ గడియారంలో మిగిలిన సమయం కూడా షీట్ అంచున రాయించండి. ఏ ఎత్తు దగ్గర ఓపెనింగ్ జ్ఞాపకం అయిపోయిందో ఆ అంకెలే పట్టిస్తాయి.