పిల్లలకు కోపం, బాధ, సంతోషం కాక ఇంకా ఎన్నో భావాల పేర్లు ఎలా నేర్పాలి?

మీ ఐదో తరగతి అమ్మాయి ప్రతిదానికీ "బోర్", "టెన్షన్" అనే రెండు మాటలే వాడుతోందనీ, మనసులో కలిగే భావాలకు తగిన పదాలు బడిలో నేర్పవచ్చా అనీ అడిగారు. నేర్పవచ్చు, నేర్పి తీరాలి. జాబితా రాయించి బట్టీ పట్టిస్తే మాత్రం రావు. అనంతపురం జిల్లాలో, కళ్యాణదుర్గం వైపు ఉన్నత పాఠశాలల్లో చాలా ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను. ఆ అనుభవంతోనే అంటున్నాను.

వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే మా ఊళ్లలో చాలామంది బెంగళూరుకు కట్టడం పనులకు వెళ్లిపోతారు. పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉండి చదువుకుంటారు. అలాంటి తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు ఉగాది మర్నాడు పక్కవాడి జామెట్రీ బాక్సును కిటికీలో నుంచి బయటికి విసిరేశాడు. ఎందుకురా అంటే "కోపం వచ్చింది సార్" అన్నాడు. ఎవరి మీద అంటే జవాబు లేదు.

ఆ పూట పాఠం పక్కన పెట్టాను. బోర్డు మీద కోపం అని రాసి, దాని కింద అలక, ఉక్రోషం, అక్కసు, నిష్ఠూరం అని రాశాను. అర్థాలు చెప్పలేదు. ఏది ఎప్పుడు వస్తుందో మీరే చెప్పండి అన్నాను. కాసేపు నవ్వులు. తర్వాత ఒక అమ్మాయి లేచి, అలక ఇంట్లోవాళ్ల మీదే వస్తుంది, ఊళ్లోవాళ్ల మీద అలిగితే ఎవరు పట్టించుకుంటారు అంది. ఉక్రోషం దగ్గర పెద్ద వాదనే నడిచింది. కబడ్డీలో ఓడితే వచ్చేదని ఒకడన్నాడు. ఓడినందుకు రాదు, ఓడాక అవతలి జట్టు నవ్వితే వస్తుందని ఇంకొకడన్నాడు. ఇంత కచ్చితమైన వివరణ నాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు. పక్క చేనులో బోరు పడి మన చేనులో పడకపోతే వచ్చేది అక్కసు అని వెనక బెంచీ నుంచి వినిపించింది.

బాక్సు విసిరిన అబ్బాయి చివరిదాకా తల ఎత్తలేదు. గంట కొట్టబోతుండగా లేచి, "అలక అయితే బతిమాలితే పోవాలి కదా సార్?" అని అడిగాడు. పోవాలి అన్నాను. "మా నాన్న ఫోనులో చాలాసేపు బతిమాలాడు. పోలేదు. అయితే నాది నిష్ఠూరమే" అన్నాడు. పండక్కి వస్తానని వాళ్ల నాన్న మాట ఇచ్చాడట, మేస్త్రీ పంపలేదట. పక్కవాడి బాక్సు ఆ పక్కవాడి నాన్న పండక్కి కొని తెచ్చినది. కోపం అనుకున్నంతసేపూ అది ఎవరో ఒకరి మీద పడాల్సిందే. నిష్ఠూరం అని తెలిశాక, దాన్ని ఎవరితో చెప్పుకోవాలో వాడికి తెలిసింది. ఆ రాత్రే తండ్రికి ఫోను చేసి, వస్తానని ఎందుకు చెప్పావని నిలదీశాడని వాళ్ల అవ్వ తర్వాత నాతో అన్నది. సొట్టపోయిన బాక్సును వెతికి తెచ్చి ఇచ్చాడు కూడా.

2007లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్మన్ బృందం మనుషులకు కోపం, భయం నిండిన ముఖాల బొమ్మలు చూపించి, ఆ భావానికి పేరు పెట్టమంది. పేరు పెట్టినప్పుడు మెదడులో అమిగ్డలా అనే భాగం ఉద్రేకం తగ్గిందని గమనించింది. మా తరగతి గదిలో నేను చూసిందీ అదే. ఇంకా వెనక్కి వెళ్తే, భరతుడి నాట్యశాస్త్రం మనసులో నిలిచి ఉండే 8 స్థాయీభావాలతో ఆగకుండా, వచ్చిపోయే 33 సంచారీభావాలను లెక్కపెట్టింది. వాటిలో అవహిత్థ అని ఒకటుంది, లోపలి భావం బయటికి కనబడకుండా దాచుకోవడం. అమ్మానాన్నలు వలస వెళ్లిన పిల్లలను ఎలా ఉన్నావని పలకరిస్తే "బాగున్నాను సార్" అంటారు చూడండి, ఆ ముఖంలో ఉండేది అదే.

ఇంత సంపద పెట్టుకుని మనం పరీక్షల్లో అడిగేదేమిటి? సూర్యుడికి పర్యాయపదాలు, తామరకు పర్యాయపదాలు, ప్రకృతి వికృతులు. గైడు చూసి భానుడు, భాస్కరుడు, దినకరుడు అని గడగడా రాసే పిల్లవాడికి తన గుండెలో కదిలే దానికి ఒక్క పేరు తెలియదు. అవమానం జరిగినా "ఫీలయ్యాను", అసూయ కలిగినా "ఫీలయ్యాను". ఒక శిక్షణ తరగతిలో మాకు పసుపు ముఖాల చార్టు ఇచ్చారు, నవ్వేది, ఏడ్చేది, కోపంగా చూసేది. మొహమాటానికి ముఖం ఏది? బెంగకు ఏది? దీనికి తోడు ఇళ్లలో "మగపిల్లవాడివి, ఏడుస్తావా?" అనే గద్దింపు. ఆ ఒక్క వాక్యం ఎంతమంది పిల్లల నోరు నొక్కేసిందో చూస్తూనే ఉన్నాను. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది.

మీ అమ్మాయి టెన్షన్ అన్నప్పుడు ఆ మాటను తప్పుపట్టకండి. పేపరు చేతికి వచ్చేముందు కలిగే గుబులా, కొత్త టీచరు దగ్గర బెరుకా, పదిమందిలో నిలబడాలంటే జంకా అని అడగండి. ఒకటి ఎంచుకుంటుంది. మూడూ కాదంటే ఇంకా మంచిది, తనదేమిటో తనే వెతుక్కుంటుంది. సంతోషాన్నీ వదలకండి. జాతరకు బయలుదేరే ముందు ఉబలాటం, వెళ్లాక సంబరం, తప్పిపోయిన తమ్ముడు దొరికితే ఊరట. మీ మనసు సంగతి కూడా తనతో చెప్పండి. ఆఫీసులో ఫలానా మాటకు నొచ్చుకున్నాను అని మీరు అంటే, ఆ మాట తన నోట కూడా వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే తనను వాళ్ల దగ్గర కూర్చోనివ్వండి. ఈ పదాలన్నీ వాళ్ల మాటల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

ఐదో తరగతి దీనికి సరైన వయసు. తొమ్మిదికి వచ్చేసరికి, ముఖ్యంగా మగపిల్లలు, పెదవి విప్పరు. అందుకే మా బడిలో ఆరో తరగతి నుంచే దీనికి వారానికి ఒక పీరియడు ఇవ్వమని అడుగుతున్నాను. సిలబస్ పూర్తికాదని తోటి ఉపాధ్యాయులు అంటున్నారు. లైబ్రరీ పీరియడు ఎలాగూ ఖాళీగా పోతోంది, అది ఇవ్వమన్నాను.