టర్బో కారుకు క్యామ్‌షాఫ్ట్ ఎంచుకోవడం గురించి మేనల్లుడికి ఉత్తరం

రావులపాలెం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ ఫియట్ లీనియా టీ-జెట్ కారుకు కొత్త క్యామ్‌షాఫ్ట్‌లు (ఇంజను వాల్వులను తెరిపించే గుబ్బల కడ్డీలు) వేయించాలనుకుంటున్నావని, ఏవి తెప్పించాలో నన్ను అడిగి చెప్పమన్నావని మీ అమ్మ చెప్పింది. ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను. క్యాటలాగులు తిరగేయడం కాస్త ఆపి, ముందుగా నీ ఇంజనులో టర్బైనుకు (బయటికి పోయే పొగ తిప్పే టర్బో చక్రానికి) ముందు, అంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డులో, ఎంత ఒత్తిడి నిలుస్తోందో కొలిపించు. ఆ అంకె చేతికి వచ్చిందంటే క్యామ్ ఎంపికలో సగం పని అయినట్టే.

ఎందుకు అంటున్నానో చెబుతాను. పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు మూతపడక ముందే గాలిని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వు తెరుచుకోవడం మొదలవుతుంది. రెండూ కొద్దికొద్దిగా తెరిచి ఉండే ఆ కాసేపటినే ఓవర్‌ల్యాప్ అంటాం. టర్బో లేని ఇంజనులో, వేగం మీద ఉన్నప్పుడు, బయటికి పోయే పొగ తన వెనుక కొత్త గాలిని లాక్కుంటుంది కాబట్టి ఓవర్‌ల్యాప్ ఎక్కువగా ఉన్న క్యామ్ పై ఆర్‌పీఎంలో బలాన్నిస్తుంది. కంపెనీ ఇచ్చే చిన్న టర్బోల సంగతి వేరు. టర్బైను సన్నది కావడం వల్ల, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ పొగ దాని ముందు కిక్కిరిసి, అక్కడి ఒత్తిడి ఇన్‌టేక్‌లోని బూస్టును, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడిని, దాటిపోతుంది. అప్పుడు రెండు వాల్వులూ తెరిచి ఉంటే వేడి పొగ వెనక్కి తన్ని సిలిండరులోకి, ఒక్కోసారి ఇన్‌టేక్ మానిఫోల్డులోకి కూడా వస్తుంది. కొత్త గాలికి చోటు తగ్గుతుంది, సిలిండరులో వేడి పెరుగుతుంది, ఇంజను నాకింగు (పెట్రోలు వేళకాని వేళ పేలి టకటకమనడం) మొదలుపెడుతుంది. పెద్ద క్యామ్ (వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచేది) వేశాక బండి పికప్ తగ్గిందని కొందరు వాపోవడానికి మూలం ఎక్కువగా ఇదే.

కొలవడం కష్టమేమీ కాదు. మానిఫోల్డుకు చిన్న రంధ్రం వేయించి, స్టీలు గొట్టం బిగించి, దానికి కొన్ని అడుగుల రాగి గొట్టాన్ని చుట్టలుగా చుట్టి, ఆ చివర ప్రెషర్ గేజి పెట్టాలి. పొగ వేడి రాగి చుట్టలోనే చల్లారితే గేజి పాడవదు. పక్కనే బూస్ట్ గేజి పెట్టి, మూడో గేరులో 2,500 నుంచి 6,000 ఆర్‌పీఎం వరకు ఆక్సిలరేటరు పూర్తిగా తొక్కి రెండు అంకెలూ రాసుకోవాలి. ఒక మనిషి నడపాలి, ఇంకొకరు రాయాలి. హైవే ఖాళీగా ఉండే తెల్లవారుజామున మాత్రమే ఈ పని పెట్టుకో. ఎగ్జాస్ట్ ఒత్తిడి బూస్టుకు రెట్టింపు దరిదాపుల్లో ఉంటే కంపెనీ క్యామ్‌లే ఉంచెయ్యి. ఆ డబ్బు టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలరుకో, మంచి క్లచ్చుకో పెట్టుకో. రెండు అంకెలూ దగ్గరదగ్గరగా ఉంటేనే, అంటే టర్బో కూడా పెద్దది వేయించుకున్నప్పుడే, క్యామ్ మార్పు నీకు ఫలితమిస్తుంది.

అటువైపు అమలాపురం నుంచి ఒకసారి మా షెడ్డుకు ఒక టర్బో కారు వచ్చింది. టర్బో లేని రేసు ఇంజనుకు చేసిన క్యామ్‌ను దానికి ఎక్కడో వేసి పంపారు. ఐడ్లింగులో బానెట్టు వణుకుతోంది, బ్రేకు పెడలు రాయిలా గట్టిపడింది. ఇన్‌టేక్‌లో వాక్యూమ్ పడిపోతే బ్రేకు బూస్టరుకు సాయం అందదు, కాలి బలం మొత్తం మనమే పెట్టాలి. కాలువ గట్టు మీద గడ్డి ట్రాక్టరు వెనుక రెండో గేరులో పోతుంటే బండి గుంజుకుంటూ, ఆగుతూ, క్లచ్ తొక్కనిదే నడవనంది. పాత క్యామ్‌లు తిరిగి వేసిన రోజే ఆ జబ్బులన్నీ పోయాయి. అందం కోసం వేసినదాని వల్ల బ్రేకు బలహీనపడటం నేను ఎంతమాత్రం ఒప్పుకోను.

ఇక అంకెలు. క్యామ్ కార్డు (క్యామ్‌తో వచ్చే కొలతల కాగితం) మీద డ్యూరేషన్ అని రాసి ఉండేది, వాల్వు ఎన్ని క్రాంక్ డిగ్రీల (క్రాంకు తిరిగే కోణం) పాటు తెరిచి ఉంటుందన్న లెక్క. ఒక కంపెనీ వాల్వు కదలిక మొదలైన చోటి నుంచి కొలుస్తుంది, మరొకటి 1 మి.మీ. లేచాక కొలుస్తుంది, ఒకే కొలత పద్ధతి ఉన్నవాటినే పక్కపక్కన పెట్టి చూడు, లేకపోతే చిన్న క్యామ్ పెద్దదిగా, పెద్దది చిన్నదిగా కనిపిస్తుంది. ఇన్‌టేక్ లోబు (క్యామ్ మీది గుబ్బ) శిఖరానికీ ఎగ్జాస్ట్ లోబు శిఖరానికీ మధ్య కోణాన్ని లోబ్ సెపరేషన్ అంటారు. రెండు వైపులా 256 డిగ్రీల డ్యూరేషన్ ఉండి, ఆ కోణం 110 అయితే ఓవర్‌ల్యాప్ 36 డిగ్రీలు. కోణాన్ని 114 చేస్తే 28కి దిగుతుంది. వీధిలో నడిపే టర్బో బండికి 112 నుంచి 116 మధ్య కోణం నా లెక్కలో సరైనది. డ్యూరేషన్ మాత్రం కంపెనీదాని కంటే 8, 10 డిగ్రీలకు మించి పెంచవద్దు. లిఫ్ట్, అంటే వాల్వు లేచే ఎత్తు, కొంచెం పెరగడం వల్ల ఐడ్లింగు పెద్దగా చెడదు కనుక, గాలి కావాలనుకుంటే లిఫ్ట్‌లో వెతుక్కోవడం మేలు. ఎగ్జాస్ట్ వాల్వును మరీ ముందుగా తెరిచే క్యామ్ టర్బోకు శక్తి ఎక్కువ పంపుతుంది గానీ పిస్టన్‌ను తోసే బలంలో కొంత కోసేస్తుంది, నీకది వద్దు.

నీ ఇంజనుకు ఇన్‌టేక్‌కొకటి, ఎగ్జాస్ట్‌కొకటి చొప్పున రెండు క్యామ్‌లు ఉన్నాయి. నడుస్తుండగా టైమింగు తనంతట తాను మారే ఏర్పాటు లేదు. రెండు క్యామ్‌లకూ విడివిడి పుల్లీలు ఉన్న ఇంజన్లలో అయితే సర్దుబాటు పుల్లీలు వేసి, ఇన్‌టేక్‌ను కాస్త వెనక్కి, ఎగ్జాస్ట్‌ను కాస్త ముందుకు జరిపి ఓవర్‌ల్యాప్‌ను చేత్తోనే తగ్గించుకోవచ్చు. నీదాంట్లో బెల్టు ఒకే క్యామ్ పుల్లీని తిప్పుతుంది, రెండో క్యామ్ పళ్లచక్రాలతో తిరుగుతుంది కనుక ఆ వీలు లేదు.  

మాన్యువల్ గేరుబాక్సు అన్నావు కనుక గేరు గేరుకూ ఆర్‌పీఎం ఎంత పడుతుందో కూడా చూసుకోవాలి. మొదటి గేరు నిష్పత్తి 3.9, రెండోది 2.2, మూడోది 1.5 అనుకుందాం. 6,000 దగ్గర మొదటి నుంచి రెండుకు మారిస్తే ఇంజను దాదాపు 3,400కు దిగుతుంది. రెండు నుంచి మూడుకు అయితే దాదాపు 4,100కు. కొత్త క్యామ్ బలం 4,500 పైనే మొదలైతే ప్రతి గేరు మార్పు తర్వాతా బండి ఊపిరి అందక తడబడుతుంది. నీ బండి కంపెనీ నుంచి వచ్చినప్పుడు 207 ఎన్ఎమ్ టార్కు 2,200 ఆర్‌పీఎంకే అందేది. మన డెల్టాలో ఎక్కే కొండలు లేవు. ఉన్నవన్నీ ఊరూరా స్పీడు బ్రేకర్లు, కాలువ మలుపులు, చేపల లారీల వెనుక నెమ్మది ప్రయాణం, ఆపైన 16వ నంబరు హైవే మీద ఒక్కసారిగా ఓవర్‌టేకు. ఇవన్నీ 2,000 నుంచి 4,500 మధ్యే జరుగుతాయి. అక్కడి బలాన్ని పోగొట్టే క్యామ్ ఎంత ఖరీదైనదైనా నీ వాడకానికి పనికిరాదు. పైగా వేసవిలో ట్రాఫిక్‌లో నిలబడితే ఇంటర్‌కూలరుకు గాలి ఆడదు, లోపలికి పోయే గాలి వేడెక్కిపోతుంది. నాకింగుకు అంచున ఉండే క్యామ్ ఆ నెలల్లో ఇంజనుకు ప్రమాదం.

వాల్వు స్ప్రింగుల లెక్క మరిచిపోవద్దు. బూస్టు ఒత్తిడి ఇన్‌టేక్ వాల్వు వీపు మీద పడి దాన్ని తెరవాలని చూస్తుంది. 28 మి.మీ. వాల్వు మీద 1 బార్ బూస్టు అంటే ఆరు కిలోల పైచిలుకు బలం; అంత మేర స్ప్రింగు పట్టు తగ్గినట్టే. అందుకని క్యామ్‌తో పాటు స్ప్రింగులు కూడా ఆ కంపెనీ చెప్పినవే తీసుకో. కొత్త లిఫ్ట్‌కు స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనిపోకుండా చోటు మిగులుతుందో లేదో వైసు మీద నొక్కించి చూడాలి. పిస్టన్ తల మీద మట్టిముద్ద పెట్టి, హెడ్డు బిగించి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్లీ విప్పి ఆ ముద్దను బ్లేడుతో కోసి మందం కొలవాలి. ఇన్‌టేక్ దగ్గర 2 మి.మీ., ఎగ్జాస్ట్ దగ్గర 2.5 మి.మీ. కంటే తక్కువ వస్తే ఆ క్యామ్ వద్దు. ఈ పని ఎవరో చేసేశారంటే నమ్మకు, దగ్గర నిలబడి చూడు. పాత క్యామ్‌ను అరగదీసి కొత్త ఆకారం తెస్తామనేవాళ్ల దగ్గరికి వెళ్లకు. పైపొరలో ఉండే గట్టిదనం అరుగుదలలో పోతే లోబు కొద్ది నెలల్లోనే గుండు అవుతుంది.

బిగించేటప్పుడు గుర్తుల మీద ఆధారపడకుండా డిగ్రీ చక్రం, డయల్ గేజి పెట్టి కార్డులో ఉన్న కోణానికి సరిపోయిందో లేదో చూడాలి. ఆ తర్వాత ఈసీయూ (ఇంజను కంప్యూటరు) మ్యాపింగు, అంటే దానిలోని లెక్కలు సరిదిద్దడం, తప్పనిసరి. ఐడ్లింగులో వాక్యూమ్ మారితే పాత మ్యాపు పెట్రోలు తప్పుగా పోస్తుంది. రిజిస్ట్రేషన్ కార్డులోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డుకుంటుంది కనుక, ఆర్టీఓ ఆఫీసులోనూ, ఇన్సూరెన్సు వాళ్ల దగ్గరా ముందే కనుక్కో.

ముందు గేజిల కొలతలు పంపించు, అవి చూసి క్యామ్ కార్డు మనిద్దరం కలిసి ఎంచుదాం. హెడ్డు విప్పే పని మాత్రం కోతల రోజుల్లో పెట్టుకోవద్దు. అప్పుడు వరికోత యంత్రాలతో షెడ్డు నిండిపోతుంది, నీ దగ్గర తీరిగ్గా నిలబడటానికి నాకు వీలు పడదు.

మీ మావయ్య